లెక్కకు అందని కొద్దిమంది



ఇంట్లో పిల్లల అట్లాసు ఉంటే ఆస్ట్రేలియా పేజీ తీయండి. పైభాగాన సముద్రం నేల లోపలికి చొచ్చుకువచ్చిన ఒక పెద్ద వంపు కనబడుతుంది. దాని పేరు కార్పెంటేరియా సింధుశాఖ. ఆ వంపు అడుగున, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, ‘బర్క్ షైర్’ అనే స్థానిక పాలనా ప్రాంతం ఉంది. షైర్ అంటే మన జిల్లా పరిషత్తూ మునిసిపాలిటీ కలిసిన సంస్థ అనుకోండి. దాని విస్తీర్ణం సుమారు 40 వేల చదరపు కిలోమీటర్లు. 2022లో విడదీయక మునుపటి మన కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాలు నాలుగూ కలిపితే దాదాపు అంత నేల. ఆ నాలుగు జిల్లాలలో 2011 లెక్కల ప్రకారం కోటీ ఎనభై లక్షలకు పైగా జనం. బర్క్ షైర్‌లో 2021 లెక్కల ప్రకారం సుమారు 350 మంది.

అచ్చుతప్పు కాదు, సున్నాలు రాలిపోనూ లేదు. మూడు వందల యాభై మందే. మన పల్లెటూరి గుడిలో క్రిస్మస్ ఆరాధనకు అంతకంటే ఎక్కువమంది కూడుకుంటారు.

మరి ఇంత కొద్దిమంది కొరకు రోడ్డెందుకు, బడెందుకు, డాక్టరెందుకు అని ఎవరైనా అడగవచ్చు. డబ్బు లెక్క చూసేవారికి అది న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నకు అక్కడివారు నూరేళ్ళుగా ఇస్తున్న జవాబు ఏమిటో ఈ నెల మీకు చెప్పాలని ఉంది. ఆ జవాబులో మెచ్చుకోదగినది ఎంత ఉందో, సిగ్గుపడవలసినదీ అంతే ఉంది. రెండూ చెబుతాను.

ముందు ఊరు చూద్దాం. షైర్‌కు ముఖ్యపట్టణం బర్క్‌టౌన్. పట్టణమని పేరేగాని మన దగ్గర శివారు గ్రామమంత. సముద్రానికి సుమారు 30 కిలోమీటర్ల లోపల, ఆల్బర్ట్ నది ఒడ్డున ఉంది. ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పు పర్రలు, మడ అడవులు, మొసళ్ళున్న కాలువలు. దక్షిణాన గ్రెగరీ అని ఇంకొక చిన్న ఊరు. మిగిలినదంతా పశువుల క్షేత్రాలు. వాటిని వారు ‘స్టేషన్లు’ అంటారు. ఒక స్టేషన్ మన రెండు మూడు మండలాలంత ఉండవచ్చు, అందులో ఒక ఇల్లు, ఒక కుటుంబం, కొందరు పనివారు. పెద్ద ఆసుపత్రి కావాలంటే మౌంట్ ఐసా వెళ్ళాలి. అది 400 కిలోమీటర్లకు పైన. రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్ రెండు వేల కిలోమీటర్లకు పైన. నవంబరు డిసెంబరులలో వానలు పట్టుకుంటే ఏప్రిల్ దాకా ఏ రోజు ఏ రోడ్డు మునుగుతుందో తెలియదు. అందుకని గృహిణులు వానాకాలానికి ముందే పిండీ, పప్పూ, పాలపొడీ నెలల తరబడికి సరిపడా కొని పెట్టుకుంటారు.

ఈ షైర్‌కు పేరిచ్చిన రాబర్ట్ ఓహారా బర్క్ కథ చాలామందికి తెలియదు. 1860 ఆగస్టులో మెల్‌బోర్న్ నుండి ఒంటెలతో, గుర్రాలతో బయలుదేరి ఖండాన్ని దక్షిణం నుండి ఉత్తరానికి దాటాలని వచ్చాడు. 1861 ఫిబ్రవరిలో ఇప్పటి నార్మంటన్ దగ్గరి దాకా చేరాడు. ఇది బర్క్‌టౌన్‌కు తూర్పున ఉన్న ఊరు. మడ అడవులు, బురద అడ్డుపడి సముద్రాన్ని కళ్ళారా చూడకుండానే వెనుదిరిగాడు. తిరుగు ప్రయాణంలో కూపర్ వాగు దగ్గర ఆకలితో ఆయనా, సహచరుడు విల్స్ కూడా చనిపోయారు. ముగ్గురిలో జాన్ కింగ్ ఒక్కడే బ్రతికాడు. ఎట్లాగంటారా? ఆ ప్రాంతపు ఆదివాసులైన యాండ్రువాండ తెగవారు అతనిని తమలో చేర్చుకుని, తిండి పెట్టి, వెదికేవారు వచ్చేవరకు కాపాడారు. జిల్లాకు మాత్రం చనిపోయినవాని పేరు పెట్టారు. కాపాడినవారి పేర్లు ఏ పటంలోనూ లేవు.

బర్క్‌టౌన్ 1865లో వెలిసింది. మరుసటి సంవత్సరమే ఒక ఓడతో పాటు జ్వరం వచ్చి ఊరిని ఊడ్చేసింది. బ్రతికినవారిలో అనేకులు సముద్రంలోని స్వీర్స్ ద్వీపానికి తరలిపోయారు. అక్కడ జబ్బు పడటమంటే అర్థమేమిటో మొదటి ఏడాదే తెలిసిపోయింది.

ఆ తరువాత అరవై ఏళ్ళకు పైగా పరిస్థితి పెద్దగా మారలేదు. అది మారడానికి ఒక దైవసేవకుడు కారణం. ఆయన పేరు జాన్ ఫ్లిన్. ప్రెస్బిటేరియన్ సంఘపు పాదిరి, 1880లో జన్మించాడు. 1912లో ఆయన నివేదిక ఆధారంగా ఆ సంఘము ‘ఆస్ట్రేలియన్ ఇన్లాండ్ మిషన్’ స్థాపించి, ఆయననే దానికి అధికారిగా పెట్టింది. అప్పట్లో ఆ ఖండపు ఉత్తర, మధ్య భాగాలలో సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు ఇద్దరే డాక్టర్లు. ఫ్లిన్ అక్కడక్కడ నర్సులతో చిన్న ఆసుపత్రులు పెట్టించాడు. అవి మంచివే. కాని నర్సు దగ్గరకు రావడానికే రోగి వారం రోజులు గుర్రపు బండిలో కుదుపులు తినాలి.

1917లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని హాల్స్ క్రీక్‌లో జరిగిన సంగతి దేశమంతటినీ కుదిపింది. జిమ్మీ డార్సీ అనే యువకుడు గుర్రం మీదినుండి పడి లోపల దెబ్బ తిన్నాడు. ఊరిలో డాక్టరు లేడు. పోస్టుమాస్టరు టకెట్‌కు ప్రథమ చికిత్స మాత్రం కొంచెం తెలుసు. మూడు వేల కిలోమీటర్ల దూరాన పెర్త్‌లో ఉన్న డాక్టరు హాలండ్ తంతి ద్వారా ఒక్కొక్క మాటా చెబుతుండగా ఆ పోస్టుమాస్టరు తన జేబు కత్తితో ఆపరేషన్ చేశాడు. మత్తుమందు లేదు. రోగి ఓర్చుకున్నాడు. డాక్టరు పశువుల ఓడ ఎక్కి, దిగి, మోటారులో, ఆఖరున గుర్రపు బండిలోనూ కాలి నడకనూ పన్నెండు రోజులకు ఊరు చేరాడు. డార్సీ అంతకు ముందు రోజే చనిపోయాడు.

ఆ సంవత్సరమే క్లిఫర్డ్ పీల్ అనే వైద్య విద్యార్థి ఫ్లిన్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. యుద్ధంలో విమానం నడపడానికి వెళ్తున్న యువకుడు అతడు. విమానంలో డాక్టరును పంపితే ఎంత ఖర్చవుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, ఎక్కడెక్కడ దిగవచ్చు అని లెక్కలు కట్టి పంపాడు. 1918లో ఫ్రాన్సులో అతడు మరణించాడు. తన ఉత్తరం ఫలించడం చూడలేదు. ఫ్లిన్ మాత్రం దానిని పట్టుకుని పదేళ్ళు తిరిగాడు. సంఘాలలో మాట్లాడాడు, ధనవంతుల తలుపులు తట్టాడు. వ్యవసాయ యంత్రాల తయారీదారు హెచ్.వి. మెకే తన వీలునామాలో రెండు వేల పౌన్లు వ్రాసిపోయాడు. క్వాంటాస్ కంపెనీ ఒక విమానం అద్దెకిచ్చింది. 1928 మే 17న డాక్టరు సెయింట్ విన్సెంట్ వెల్చ్, పైలట్ ఆర్థర్ అఫ్లెక్‌తో కలిసి క్లోన్‌కరీ నుండి జూలియా క్రీక్‌కు మొదటిసారి ఎగిరి వెళ్ళాడు. క్లోన్‌కరీ ఈ బర్క్ ప్రాంతానికి దక్షిణాన ఉన్న ఊరే. మొదటి ఏడాదిలో 50 ప్రయాణాలు, 225 మంది రోగులు. అదే నేటి ‘రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్’.

అయితే విమానం సగం పని మాత్రమే. స్టేషన్‌లో తల్లికి పురుటి నొప్పులు మొదలైతే ఆ సంగతి డాక్టరుకు ఎవరు చెబుతారు? టెలిఫోను తీగ లేదు, కరెంటు లేదు. ఇక్కడ అడిలైడ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు కథలోకి వస్తాడు. సైకిలు పెడళ్ళలాంటివి తొక్కితే కరెంటు పుట్టి, దానితో నడిచే రేడియో తయారు చేశాడు. దాని మాట సుమారు 500 కిలోమీటర్లు పోయేది. మొదట్లో గొంతు కాదు, టిక్కుటిక్కుమనే మోర్స్ సంకేతాలే. అటువంటి రేడియోను మొదటిసారి 1929లో ఒక ఇంట్లో పెట్టినది ఈ గల్ఫ్ ప్రాంతంలోనే, బర్క్‌టౌన్‌కు దక్షిణ దిక్కున ఉన్న ఆగస్టస్ డౌన్స్ స్టేషన్‌లో. కాళ్ళతో తొక్కుతూ చేతితో మీట నొక్కి తంతి పంపినది ఆ ఇంటి ఇల్లాలు. చరిత్ర పుస్తకాలు ఇంజనీరునూ పాదిరినీ తలచుకుంటాయి. నాకు మాత్రం ముందు ఆమె కాళ్ళు గుర్తొస్తాయి.

గొంతు వినిపించే రేడియో వచ్చాక ఒక కొత్త సంగతి జరిగింది. డాక్టరు పని అయిపోయాక కొంతసేపు ఆ రేడియోను ఇల్లాళ్ళకు వదిలేసేవారు. వందల కిలోమీటర్ల దూరాన ఒంటరిగా ఉన్న స్త్రీలు ఒకరినొకరు పలకరించుకునేవారు. కేకు ఎట్లా పొంగాలి, పాపకు పళ్ళు వస్తున్నాయా, వాన పడిందా అని. దానికి ‘గలా సమయం’ అని పేరు. గలా అంటే గుంపుగా చేరి గోలచేసే ఒక రకం చిలుక. పేరు పెట్టినవారు మగవారే అయి ఉంటారని నా అనుమానం. ఏదైతేనేమి, నెలల తరబడి ఇంకొక స్త్రీ ముఖం చూడనివారికి ఆ అరగంట ఎంత మందో ఆలోచించండి. పోతే, డాక్టరుతో చెప్పుకునే జబ్బులు కూడా రేడియో ఉన్న ప్రతి ఇంటికీ వినబడేవి. రహస్యమన్నది లేదు.

1942 నుండి స్టేషన్లకు మందుల పెట్టెలు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రతి మందుకూ ఒక అంకె. మందు పేర్లు పలకలేనివారికి డాక్టరు ఫలానా అంకె గల మాత్ర, పూటకు ఒకటి అని చెబితే చాలు. తరువాత 1950ల ఆరంభంలో మనిషి బొమ్మ మీద అంకెలు వేసిన పటం కూడా ఇచ్చారు. దానిని తయారు చేసినది లూసీ గార్లిక్ అనే నర్సమ్మ. నొప్పి ఎక్కడమ్మా అంటే ఏ అంకె దగ్గరో చెబితే సరిపోతుంది. ఇంత తేలిక ఉపాయానికి ఎంత ప్రేమ కావాలో!

పిల్లల చదువు సంగతీ ఈ రేడియో నుండే పుట్టింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో డాక్టరు రేడియో మీదుగానే ‘గాలి బడి’ మొదలైంది. టీచరు ఒక ఊరిలో, పిల్లలు నూరు చోట్ల. గల్ఫ్ స్టేషన్ల పిల్లలకు మౌంట్ ఐసా నుండి అటువంటి బడి ఉంది. ఇప్పుడు రేడియో పోయి ఇంటర్నెట్ వచ్చింది. మారనిది ఒకటుంది. పక్కన కూర్చుని పాఠం చెప్పించవలసినది తల్లే, లేదా జీతానికి పెట్టుకున్న ఒక అమ్మాయి. బర్క్‌టౌన్ బడి ఆరవ తరగతితో సరి. ఆపై చదవాలంటే చాలామంది పిల్లలు పన్నెండేళ్ళకే దూరపు పట్టణంలోని హాస్టలుకు వెళ్ళాలి. పదవ తరగతి అయ్యాక పిల్లవాడిని విజయవాడ కాలేజీ హాస్టల్లో దింపి కన్నీళ్ళు పెట్టుకునే మన తల్లులు ఆ తల్లుల సంగతి ఊహించగలరు.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక రెండవ సంగతి.

ఈ ‘కొద్దిమంది’ అంటున్నామే, ఆ లెక్కలో ఎవరున్నారు? తెల్లవారు రాకముందు ఆ నేల ఖాళీగా లేదు. గంగలిడ్డ, గరవ వంటి ఆదివాసీ జనులు వేల ఏళ్ళుగా అక్కడ ఉన్నారు. పశువుల మందలు వచ్చాక వారి నీటి గుంటలు పోయాయి, వేట నేల పోయింది, ఎదిరించినవారిపై పోలీసులూ స్టేషన్ల వారూ తుపాకులు పేల్చారు. మిగిలినవారు అదే స్టేషన్లలో పశువులు కాసే పనివారయ్యారు. 1897 నాటి చట్టం వారి రాకపోకలనూ పెళ్ళిళ్ళనూ జీతాలనూ అధికారుల చేతిలో పెట్టింది. కష్టపడి సంపాదించిన జీతం ప్రభుత్వ ఖాతాలోకి పోయేది. దానిమీద వేసిన దావా 2019లో 19 కోట్ల డాలర్లకు రాజీ అయింది. అప్పటికి ఆ పనివారిలో అనేకులు సమాధులలో ఉన్నారు.

ఆస్ట్రేలియా రాజ్యాంగంలోనే 127వ సెక్షన్ ఒకటి ఉండేది. దేశ జనసంఖ్య లెక్కించేటప్పుడు ఆదివాసులను కలపకూడదని దాని సారం. 1967లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి దానిని తీసేశారు. కొద్దిమందిని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఒకవైపు విమానాలు ఎగురుతుంటే, మరొకవైపు చట్టం కొందరిని లెక్క నుండి తుడిచి ఉంచింది.

మిషనరీలకు కూడా ఇందులో భాగముంది. చర్చి పత్రికలో అది దాచిపెట్టడం సరికాదు. 1930ల ఆరంభంలో ఈ ప్రాంతంలో డూమాడ్జీ మిషన్ ప్రారంభించినది బ్రదరన్ సహవాసంవారు. మన గోదావరి డెల్టాలో బ్రదరన్ అసెంబ్లీలు తెలియనివారుండరు. తుఫాను తరువాత 1936లో మిషన్‌ను తీరం నుండి నికల్సన్ నది ఒడ్డుకు మార్చారు. దిక్కులేని పిల్లలకు తిండీ చదువూ ఇచ్చారు, నిజమే. ఆ పిల్లలనే తల్లిదండ్రుల నుండి వేరుచేసి డార్మిటరీలలో ఉంచారు, అదీ నిజమే. సువార్త చెప్పడానికి తల్లి ఒడిలోనుండి బిడ్డను తీయవలసిన అవసరం ఎక్కడిది? డూమాడ్జీ ఇప్పుడు బర్క్‌ను ఆనుకుని, తన సొంత కౌన్సిల్‌తో వేరే షైర్‌గా ఉంది.

ఫ్లిన్ కూడా ఈ విమర్శకు అతీతుడు కాడు. ఆయన మనసు తెల్ల సెటిలర్ల మీదే ఉండేదని ఆయన సంఘపు పెద్దలలోనే ఒకరైన డాక్టరు చార్లెస్ డూగిడ్ ఆక్షేపించాడు. 1951లో ఫ్లిన్ మరణించాక ఆయన సమాధి మీద పెట్టడానికి ఒక పెద్ద గుండ్రాయి తెచ్చారు. అది ఆదివాసులకు పవిత్రమైన స్థలంలోని రాయి. వారిని అడగలేదు. దానిని తిరిగి యథాస్థానానికి చేర్చడానికి 1999 దాకా పట్టింది. బదులుగా ఇంకొక ఆదివాసీ జనం తమ నేలలోని రాయిని ఇచ్చారు. ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది. ఆ గౌరవానికి ఆయన తగినవాడే అని నా అభిప్రాయం. కాని ఆ నోటుతో పాటు ఈ రాయి కథ కూడా చెప్పాలి.

గంగలిడ్డ, గరవ జనులకు ఈ నేలలో చాలా భాగం మీద సాంప్రదాయ హక్కు ఉన్నదని న్యాయస్థానం 2010లోనూ, బర్క్‌టౌన్ ప్రాంతానికి 2015లోనూ తీర్పిచ్చింది. ఆలస్యమే అయినా అది కాగితం మీదికి వచ్చింది.

మనకూ ఈ నేలకూ ఉన్న చుట్టరికం ఒకటి చెప్పాలి. 1933లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ, క్వీన్స్‌లాండ్ పశుపోషకులు కలిసి అమెరికా నుండి 19 బ్రాహ్మన్ పశువులను తెచ్చారు. ఎండకూ పిడుదులకూ తట్టుకోలేక చస్తున్న ఇంగ్లీషు జాతి పశువుల స్థానంలో ఈ మూపురం పశువులు నిలదొక్కుకున్నాయి. ఆ అమెరికా బ్రాహ్మన్ జాతిని తయారుచేసినది మన దేశపు పశువులతో. వాటిలో గుజరాత్ వైపు గిర్, కాంక్రేజ్‌లతో పాటు మన ఒంగోలు జాతి కూడా ఉంది. ఈనాడు ఉత్తర ఆస్ట్రేలియా మందలలో ఎక్కువ భాగం ఆ రక్తమే. ప్రకాశం జిల్లా రైతుకు ఆ మూపురం చూపిస్తే వెంటనే గుర్తుపడతాడు. ఇంకా ఈస్టర్ సెలవులలో బర్క్‌టౌన్‌లో చేపలు పట్టే పోటీ జరుగుతుంది. వారు బారముండి అని మురిసిపోయే ఆ చేప మన పండుగప్పే!

సెప్టెంబరు ఆఖరు నుండి నవంబరు వరకు తెల్లవారుజామున అక్కడ ఒక వింత మేఘం వస్తుంది. చాప చుట్ట చుట్టినట్లు, ఒక్కోసారి వెయ్యి కిలోమీటర్ల పొడవున సముద్రం మీదుగా దొర్లుకుంటూ వస్తుంది. పేరు ‘మార్నింగ్ గ్లోరీ’. 1989లో ఇద్దరు మొదటిసారి గ్లైడర్‌తో దాని మీద తేలారు. అప్పటినుండి ఏటేటా గ్లైడర్ల వారు వస్తారు, హోటలుకు నాలుగు డబ్బులు వస్తాయి. ఫ్రిజ్ తలుపుకు మంచు పడితే రేపు మేఘం వస్తుందని ఊరివారు జోస్యం చెబుతారు.

గల్ఫ్ ఎప్పుడూ ఇంత ముచ్చటగా ఉండదు. లాన్ హిల్ దగ్గర 1999లో తెరిచిన పెద్ద జింకు గనిలో 2015లో తవ్వకం ఆగింది. ఆనాటి పనివారితో పాటు ఆదాయమూ తగ్గింది. అటు తరువాత 2023 మార్చిలో వరద వచ్చింది. ఆల్బర్ట్ నది 2011 నాటి 6.78 మీటర్ల రికార్డును దాటింది. పోలీసులు ఊరు ఖాళీ చేయమన్నారు. మురుగు నీరు కలిసింది, కరెంటు ఆపేశారు, వరద నీటిలో మొసళ్ళున్నాయి జాగ్రత్త అని హెచ్చరించారు. హెలికాప్టర్లలో, చిన్న విమానాలలో జనాన్ని మౌంట్ ఐసాకు తరలించారు. స్టేషన్లలో వేలకు వేల పశువులు కొట్టుకుపోయాయి.

కొన్ని పదుల మంది మాత్రం ఊరు విడిచి వెళ్ళలేదు. పంపులు చూసుకునేవారు, ఇల్లు విడువలేనివారు. నీళ్ళు తీశాక వెళ్ళినవారు తిరిగి వచ్చారు. పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు వీధిలో కుప్ప పోశారు. బురద ఎండక ముందే ఎత్తిపోయడం మొదలుపెట్టారు.